పదమూడు గోళీల లెక్క

పిల్లలూ! ముందుగా మీకొక పొడుపు కథ. కంటికి కనబడదు, ముక్కుకు వాసన తగలదు, నాలుకకు రుచి తెలియదు. ఇంట్లోకి వచ్చినా వచ్చినట్టు తెలియదు. కాని అది వచ్చిన ఇంట్లో పడుకున్నవాళ్ళు తెల్లవారి లేవకపోవచ్చు. ఏమిటది?

దయ్యం అని మీలో చిన్నవాళ్ళు అంటారేమో. దయ్యం కాదు. అదొక వాయువు. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. ఈ నెల మీకు దాని సంగతీ, దాని విషం విరిచే ఉపాయం సంగతీ చెబుతాను. ఆ ఉపాయం తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోయి రావలసిందే. కాని బయలుదేరే చోటు మాత్రం మన భూపాలపల్లి బొగ్గుబాయి. దారిలో మహబూబాబాదు జిల్లా ఇనుపరాయినీ, జనగామ జిల్లా ఇత్తడినీ చూసుకుంటూ పోవాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఈ ప్రాంతాల బడుల్లోనే సైన్సు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ మూడు ఊళ్ళూ వేరు వేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలు అయినది 2016 అక్టోబరు 11న. అంతకు ముందు మూడూ వరంగల్లు జిల్లాలోనివే. అందుచేత నా మనసులో ఇవి ఇప్పటికీ ఒకే పెరటిలో ఉన్న మూడు చెట్లు.

ఇక వాయువు సంగతికి వద్దాం. బొగ్గులో ఉన్నది కర్బనం. బొగ్గుకు గాలి బాగా తగిలి చక్కగా మండినప్పుడు ఒక్కొక్క కర్బన పరమాణువు రెండేసి ప్రాణవాయువు పరమాణువులను పట్టుకుంటుంది. అప్పుడు పుట్టేది బొగ్గుపులుసుగాలి. మనం విడిచే ఊపిరిలో ఉండేది అదే. సోడాకాయలో బుసబుస పొంగేదీ అదే. గాలి చాలకుండా బొగ్గు కుములుతూ మండినప్పుడు కర్బనానికి ఒక్క ప్రాణవాయువు పరమాణువే దొరుకుతుంది. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడు. చూశారా, రెండింటికీ తేడా ఒక్క పరమాణువు మాత్రమే! ఆ ఒక్కటి తక్కువయితే విషం, ఆ ఒక్కటి చేరితే సోడా.

అది విషం ఎట్లా అయింది? మన నెత్తురులో హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ఉన్నది. అది బండివంటిది. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎక్కించుకొని, ఒళ్ళంతా తిరిగి, ఎక్కడి సరుకు అక్కడ దించి, ఖాళీగా తిరిగి వస్తుంది. కార్బన్ మోనాక్సైడు లోపలికి పోయిందంటే ఆ బండిలో తానెక్కి కూర్చుంటుంది. ప్రాణవాయువు కన్న రెండువందల రెట్లు మొండిగా అంటిపెట్టుకుంటుంది. ఒక పట్టాన దిగదు. బండ్లన్నీ అట్లా నిండిపోతే మెదడుకూ, గుండెకూ సరుకు అందదు. మొదట తలనొప్పి, తరువాత మత్తు, ఆ తరువాత స్పృహ తప్పడం. గాలిలో వెయ్యింట ఒక పాలు ఈ వాయువు ఉంటే చాలు, కొన్ని గంటల్లో మనిషి ప్రాణం తీయగలదు.

భూపాలపల్లిలో సింగరేణి సంస్థ వారి కాకతీయ ఖనులు ఉన్నాయి. మా ప్రాంతంలో గనిని బాయి అంటారు. 'మా నాయిన బాయిపనికి పోయిండు' అంటే నీళ్ళు తోడడానికి పోయినాడని కాదు, బొగ్గు తవ్వడానికి భూమి లోపలికి దిగినాడని అర్థం. ఆ ఊరికి దగ్గరగా చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. మీ ఇంట్లో వెలిగే దీపంలో అటువంటి బాయిలో దిగినవాళ్ళ చెమట కొంత ఉన్నదని మరచిపోకండి.

బొగ్గుకు ఒక చెడ్డ గుణం ఉన్నది. గాలి తగిలే చోట కుప్పగా పడి ఉంటే మెల్లమెల్లగా దానంతట అదే వేడెక్కుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే రాజుకుంటుంది. భూమి లోపలి సొరంగంలో అట్లా రాజుకుంటే మంట కన్న ముందు మన పొడుపు కథలోని వాయువు పుడుతుంది. అందుకనే బాయిల్లోకి పెద్ద పెద్ద పంకాలతో గాలి తోలుతారు, వాయువును కనిపెట్టే పరికరాలు పెడతారు. పూర్వం ఇంగ్లండు గనుల్లో కెనరీ అనే చిన్న పిట్టను పంజరంలో పెట్టి లోపలికి తీసుకుపోయేవారు. మనిషి కన్న ముందే పిట్ట సొమ్మసిల్లేది. దాన్ని చూసి మనుషులు బయటికి పరుగెత్తేవారు. ఆ ఉపాయం చెప్పినవాడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు.

నేను ఆ ప్రాంతంలో పనిచేస్తున్న రోజుల్లో, ఎనిమిదో తరగతిలో మంటలను గురించి పాఠం చెబుతూ ఉంటే, వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఎప్పుడూ నోరెత్తని పిల్ల.

"సార్, మా బాపు బాయిల దిగేటప్పుడు నడుముకు ఒక డబ్బ కట్టుకుంటడు. అండ్ల ఏమున్నది? నేనడిగితే చెప్పడు. అది వాడే రోజు రావద్దు బిడ్డా అంటడు" అన్నది.

తరగతిలో చాలామంది పిల్లలు బాయిపని వాళ్ళ బిడ్డలే. అందరూ ఒక్కసారి నావైపు చూశారు. ఆ ప్రశ్న ఆ అమ్మాయి ఒక్కతెది కాదని నాకు తెలిసింది. ఆ వారంలోనే వాళ్ళ నాయనను బడికి రమ్మని కబురు చేశాను. ఆయన సెలవు రోజు చూసుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని వచ్చాడు. డబ్బా కంపెనీ సొత్తు, ఇంటికి తేకూడదు. అందుచేత నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపించాడు.

"సారూ, ఇది నోట్ల పెట్టుకొని, ముక్కుకు క్లిప్పు పెట్టుకొని గాలి పీల్చాలె. గాలి వేడివేడిగ వస్తది. నోరు కాలినట్టయితది. అయినా తియ్యొద్దు. వేడి వచ్చిందంటే బయట విషమున్నట్టు, డబ్బ పని చేస్తున్నట్టు. ఆగమై తీసిపారేసినోడు బతకడని మాకు ట్రైనింగుల చెప్పిన్రు" అన్నాడు.

పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఆయన పోయిన తరువాత ఆ డబ్బాలో ఏమున్నదో నేను చెప్పాను. దాన్ని సెల్ఫ్ రెస్క్యూయర్ అంటారు. ఆ రకం డబ్బాలో ఉండేది గాలి కాదు, మందూ కాదు. హాప్కలైట్ అనే నల్లని గుండ. మాంగనీసు, రాగి అనే లోహాలు ప్రాణవాయువుతో కలిసినప్పుడు ఏర్పడే రెండు పదార్థాలను కలిపి దాన్ని తయారు చేస్తారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలలోని రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టారు. రెండు పేర్ల మొదటి ముక్కలు కలిపి ఆ పేరు పెట్టారు. విషవాయువు ఆ గుండ మీదుగా పోతూ ఉంటే, గాలిలోనే ఉన్న ప్రాణవాయువు వచ్చి దానితో కలుస్తుంది. తక్కువైన ఆ ఒక్క పరమాణువు చేరుతుంది. విషం బొగ్గుపులుసుగాలి అయిపోతుంది. మంట లేకుండా జరిగినా అది మండడం వంటిదే, అందుకే అంత వేడి.

కాని ఆ గుండకు రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, తేమ తగిలితే చచ్చుబడిపోతుంది. అందుకని దానికి ముందు తేమను పీల్చే మరొక మందు పెట్టాలి. రెండు, బయటి గాలిలో ప్రాణవాయువే లేకపోతే అది చేయగలిగింది ఏమీ లేదు. ఆ రెండో లోపానికి విరుగుడుగా ప్రాణవాయువును తామే పుట్టించి ఇచ్చే డబ్బాలు తరువాత వచ్చాయి. మొదటి లోపం మాత్రం శాస్త్రజ్ఞులను చాలాకాలం వెంటాడింది. తేమ ఉన్నా, చలి ఉన్నా అలసిపోకుండా పనిచేసే గుండ ఏది?

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ప్రాణవాయువు గాలిలో ఐదింట ఒక వంతు ఉన్నదాయె. విషవాయువూ అక్కడే ఉన్నది. రెండూ తమంతట తామే కలిసిపోవచ్చును గదా? నడుమ ఈ గుండ ఎందుకు?

దీనికి జవాబు మహబూబాబాదు జిల్లా బయ్యారంలో ఉన్నది. బయ్యారం గుట్టల్లో ఇనుపరాయి దొరుకుతుంది. ఇనుపరాయి అంటే ఇనుమూ, ప్రాణవాయువూ గట్టిగా పెనవేసుకొని ఉన్న రాయి. పూర్వం మన తెలంగాణలో మట్టి కొలుముల్లో ఇటువంటి రాయినీ, కట్టెబొగ్గునూ కలిపి వేసి, తిత్తులతో ఊది ఇనుము తీసేవారు. ఆ కొలిమిలో రాతి నుంచి ప్రాణవాయువును లాక్కునేది ఎవరనుకున్నారు? మన కార్బన్ మోనాక్సైడే! ఎర్రగా కాగిన కొలిమిలో అది ఆకలిగొన్న పులి. రాతిలో దాగిన ప్రాణవాయువును కూడా పీక్కొని తినేస్తుంది. ఇనుము మిగులుతుంది. చల్లని గాలిలో మాత్రం అదే పులి పక్కనే ఉన్న ప్రాణవాయువును ముట్టదు. ఎందుకంటే గాలిలోని ప్రాణవాయువు పరమాణువులు జంటలుగా, చేయీ చేయీ పట్టుకొని తిరుగుతూ ఉంటాయి. ఆ జంటను విడదీయాలంటే కొంత శక్తి కావాలి. కొలిమిలో ఆ శక్తి వేడి ఇస్తుంది. మనిషి ఊపిరిలో కొలిమి పెట్టలేము గదా!

భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టలు ఉన్నాయి. ఒక గుట్టకు ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు ఉన్నాయనుకోండి. నెత్తి మీదుగా ఎక్కి దిగాలంటే బలమైన వాళ్ళు ఏ ఒకరిద్దరో పోగలరు. నడుమ తగ్గుగా ఉన్న కనుమ ఒకటి తెలిసినవాడు దారి చూపిస్తే ముసలివాళ్ళూ, పిల్లలూ కూడా దాటిపోతారు. గుట్ట తగ్గలేదు, ఊళ్ళు మారలేదు. దారి మాత్రం మారింది. రసాయన మార్పుల్లో అట్లా కనుమ చూపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. దారి చూపిన మనిషి మళ్ళీ ఇవతలికి వచ్చి మరొకరిని తీసుకుపోయినట్టు, అది తాను ఖర్చు కాకుండా మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తుంది.

ఉత్ప్రేరకాల కథలో ఒక ముఖ్యమైన ఘట్టం కూడా బొగ్గుగనులతో ముడిపడినదే. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ గనుల్లో పేలుడు జరగకుండా చుట్టూ సన్నని తీగవల ఉన్న దీపాన్ని తయారు చేశాడు. దాని మీద ఇంకా పని చేస్తూ ఉండగా 1817లో ఒక వింత చూశాడు. వేడి చేసిన ప్లాటినం తీగను బొగ్గువాయువు కలిసిన గాలిలో ఉంచితే, మంట ఏమీ లేకుండానే తీగ ఎర్రగా వెలుగుతూ ఉన్నది! వాయువూ ప్రాణవాయువూ ఆ తీగ ఒంటి మీద కలుసుకుంటున్నాయి. 1835లో స్వీడనుకు చెందిన బెర్జీలియస్ ఇటువంటి పనికి పేరు పెట్టాడు.

ప్లాటినం మీద మన విషవాయువు ఎట్లా కలుస్తుందో 1922లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ చక్కగా వివరించాడు. అక్కడే ఒక చిక్కు కూడా బయటపడింది. చల్లగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడు ప్లాటినాన్ని గట్టిగా కరచుకొని, చోటంతా తానే ఆక్రమించుకుంటుంది. ప్రాణవాయువు కూర్చోవడానికి జాగా ఉండదు. పెండ్లిపందిరిలో మగపెళ్ళివారే వచ్చి అన్ని చాపలూ ఆక్రమిస్తే ఆడపెళ్ళివారు ఎక్కడ కూర్చుంటారు, పెండ్లి ఎట్లా అవుతుంది? ఈ వ్యవహారాన్ని పరమాణువుల స్థాయిలో శోధించిన జర్మనీ శాస్త్రజ్ఞుడు గెర్హార్డ్ ఎర్ట్‌లుకు 2007లో నోబెలు బహుమతి వచ్చింది.

ప్లాటినం పట్టు ఎక్కువ అయితే, బంగారానికి అసలు పట్టే లేదు. మీ అమ్మ మెడలో గొలుసు ఏళ్ళ తరబడి చెమటలో, నీళ్ళలో ఉన్నా చిలుము పట్టదు గదా. ప్రాణవాయువు వచ్చి పలకరించినా బంగారం పలకదు. అందుచేత ఉత్ప్రేరకంగా బంగారం పనికిరాదని అందరూ అనుకున్నారు. 1987లో జపానులో మసతాకే హరుతా బృందం ఒక ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించింది. బంగారాన్ని కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా చేసి, ఇనుము తుప్పు వంటి పదార్థం మీద చల్లితే, అది కార్బన్ మోనాక్సైడును సున్నాకు 70 డిగ్రీలు తక్కువ చలిలో కూడా బొగ్గుపులుసుగాలిగా మార్చింది! పైగా గాలిలో కొంత తేమ ఉంటే ఇంకా బాగా పనిచేసింది. హాప్కలైటుకు శత్రువైన తేమ దీనికి చుట్టమయింది.

ఆ రేణువులు ఎంత చిన్నవి? మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటరు. హరుతా రేణువులు కొద్ది నానోమీటర్లు మాత్రమే. చిన్నది చేస్తే ఏమి లాభం అంటారా? ఒక లెక్క చేయండి. ఒక సెంటీమీటరు పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న లోహపు దిమ్మ తీసుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం ఆరు చదరపు సెంటీమీటర్లు, అంటే మీ అరచేతిలో ఒక మూల. దాన్నే ఒక్కొక్క నానోమీటరు దిమ్మలుగా కోస్తే, అన్ని ముఖాలూ కలిసి ఆరువేల చదరపు మీటర్లు! అంటే దాదాపు ఎకరన్నర పొలం. లోహం అంతే, పనిచేసే చోటు ఎకరాలకు పెరిగింది. ఉత్ప్రేరకం పనిచేసేది పైపైనే గదా. లోపల పడి ఉన్న పరమాణువులు పనికి రాని కూలీలు. అదీగాక, అంచుల మీదా, మూలల మీదా కూర్చున్న పరమాణువులకు ఇరుగుపొరుగు తక్కువ. అందుచేత వచ్చిన వాయువును పలకరించే ఓపిక వాటికి ఎక్కువ. గొలుసులో పలకని బంగారం రేణువులో పలుకుతుంది.

ఇప్పుడు మనం జనగామ జిల్లా పెంబర్తికి పోదాం. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే రోడ్డు మీద జనగామకు దగ్గరగా ఉన్న ఊరు. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి దేవాలయాల తొడుగులు, కలశాలు, బొమ్మలు చేసే పనివాళ్ళకు పేరుపడిన ఊరు. మా తరగతి పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకుపోయాను. రాగి ఎర్రన, జింకు నీలివన్నె తెలుపు. రెండూ కలిపి కరిగిస్తే వచ్చే ఇత్తడి పచ్చన! ఎర్రకూ తెలుపుకూ ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. మిశ్రలోహం అంటే రెండు లోహాల మూట కాదు. పరమాణువులు పక్కపక్కన కూర్చున్నప్పుడు వాటి ఎలక్ట్రానులు కలిసిపోయి, కొత్త గుణం పుడుతుంది. సావాసదోషం అని మనం అంటామే, లోహాల్లో సావాసగుణం కూడా ఉన్నది.

అయితే శాస్త్రజ్ఞులకు ఈ ఆలోచన రావడంలో వింత ఏమున్నది? పట్టు ఎక్కువైన లోహమూ, పట్టు తక్కువైన లోహమూ కలిపి మిశ్రలోహపు రేణువు చేస్తే? వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోంచే పంపివేసే ఇల్లూ మంచిది కాదు, వచ్చినవాణ్ణి ఇక పోనివ్వని ఇల్లూ మంచిది కాదు. కూర్చోబెట్టి, పని జరిపించి, సాగనంపే ఇల్లు కావాలి. ఉత్ప్రేరకానికి కావలసిన లక్షణం సరిగ్గా ఇదేనని ఫ్రాన్సు దేశపు పాల్ సబాత్యే చెప్పాడు. ఆయనకు 1912లో నోబెలు బహుమతి వచ్చింది. అందుకని బంగారంతో పల్లాడియం, ప్లాటినంతో రాగి, ఇట్లా రకరకాలుగా జతలు కట్టి చూస్తున్నారు. రాగి వంటి చవక లోహం కలిస్తే ఖర్చు కూడా తగ్గుతుంది.

కాని ఏ జత? ఏ పాళ్ళు? ఏది ఎక్కడ కూర్చోవాలి? ఇదీ అసలు చిక్కు.

మా మేనకోడలు ఒక విశ్వవిద్యాలయంలో ఈ చిక్కు మీదనే పరిశోధన చేస్తున్నది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, "గోళీలు ఆడుకుంటున్నాను మామయ్యా" అని నవ్వి, కంప్యూటరు తెరిచి చూపించింది. తెర మీద పదమూడు గోళీలు ముద్దగా ఉన్నాయి. నడుమ ఒకటి, చుట్టూ పన్నెండు. మీరు కూడా బంకమట్టితో ఒకే పరిమాణం గల పదమూడు ఉండలు చేసి కట్టి చూడండి. అడుగున ఒకటి, దాని మీద ఐదింటి వలయం, వలయం నడుమ కాస్త పైగా ఒకటి, దాని మీద మరొక ఐదింటి వలయం, అన్నిటి పైన ఒకటి. పై వలయంలోని ఉండలు కింది వలయం సందుల్లో కూర్చోవాలి. ఇరవై ముక్కోణపు ముఖాలున్న చక్కని ముద్ద తయారవుతుంది. దాని మీద మరొక పొర వేస్తే మొత్తం 55, ఇంకొక పొర వేస్తే 147. పరమాణువులకు ఈ లెక్కలు చాలా ఇష్టం.

"పసుపువి బంగారం, బూడిదరంగువి పల్లాడియం. వీటిని ఎన్ని విధాలుగా అమర్చవచ్చునో చెప్పు మామయ్యా" అన్నది. లెక్కల సంగతి వస్తే పాత మాస్టరు ఊరుకుంటాడా? ఒక్కొక్క చోటుకు రెండు అవకాశాలు. రెండు చోట్లకు నాలుగు, మూడింటికి ఎనిమిది. అట్లా పదమూడుసార్లు రెట్టిస్తే 8192. ముద్దను అటూ ఇటూ తిప్పితే ఒకేలా కనబడేవాటిని తీసివేస్తే ఇంకా తగ్గుతాయి. కాని 55 గోళీలకు రెట్టిస్తూ పోతే 360 కోట్ల కోట్లకు చేరుతుంది! పదమూడు గోళీల అమరికలనే రోజుకు ఒకటి చొప్పున ప్రయోగశాలలో చేసి చూసినా 22 ఏళ్ళు దాటుతుంది.

అన్నీ చూడడం ఎందుకు, పాళ్ళు చూస్తే చాలదా అంటారేమో. చాలదు. ఒక్క బంగారం, పన్నెండు పల్లాడియం తీసుకోండి. బంగారం నడుమ కూర్చుంటే వాయువుకు అది కనపడనే కనపడదు. కాని లోపలి నుంచి తన చుట్టూ ఉన్న పన్నెండింటి గుణాన్ని కాస్త మారుస్తుంది. అదే బంగారం పైన కూర్చుంటే తానే వాయువును పలకరిస్తుంది. పాళ్ళు ఒకటే, ముద్దలు రెండు, గుణాలు రెండు. పెంబర్తి పనివాడికి పాళ్ళు చాలు. ఇక్కడ ఎవరు ఏ పీట మీద కూర్చున్నారన్నది కూడా చూడాలి.

అందుకనే ముందు లెక్క, తరువాత ప్రయోగం. కంప్యూటరులో ముద్దను కట్టి, దాని మీద ఒక కార్బన్ మోనాక్సైడునూ, ఒక ప్రాణవాయువు జంటనూ కూర్చోబెట్టి, ఎంత గట్టిగా అంటుకున్నాయి, జంట ఎంత సులువుగా విడిపోయింది, దాటవలసిన కనుమ ఎంత ఎత్తు అని లెక్క కడతారు. కనుమ ఎంత తగ్గుగా ఉంటే మార్పు అంత వేగంగా జరుగుతుంది.

ఈ లెక్క తేలిక కాదు. ఒక్కొక్క బంగారు పరమాణువులో 79 ఎలక్ట్రానులు ఉన్నాయి. ప్రతి ఎలక్ట్రానూ మిగిలిన అన్నిటినీ నెడుతూ ఉంటుంది. అన్నిటి వెంటా పడితే ఏ కంప్యూటరూ చాలదు. మీలో మేడారం జాతరకు పోయినవాళ్ళు ఉంటారు. అక్కడ లక్షలాది జనంలో ఎవరు ఎక్కడ ఉన్నారో వెతకడం ఎవరి తరం? కాని గద్దెల దగ్గర ఎంత రద్దీ, జంపన్నవాగు దగ్గర ఎంత రద్దీ, బస్సుల దగ్గర ఎంత రద్దీ అని తెలిస్తే జాతర ఏర్పాట్లన్నీ చేయవచ్చు. 1964లో వాల్టర్ కోన్, పియరీ హోహెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు ఎలక్ట్రానుల విషయంలోనూ రద్దీ తెలిస్తే చాలునని రుజువు చేశారు. మరుసటి సంవత్సరం కోన్, లూ షామ్ కలిసి ఆ లెక్క చేసే పద్ధతిని ఇచ్చారు. దీనికి 1998లో కోన్‌కు నోబెలు బహుమతి వచ్చింది. మా మేనకోడలు వాడేది ఆ పద్ధతినే.

"మరి నీ లెక్క చెప్పిందే నిజమా?" అని నేను అడిగాను.

"ఎట్లా అవుతుంది మామయ్యా? లెక్క వందల్లోంచి నాలుగింటిని ఏరి ఇస్తుంది. ఆ నాలుగింటినీ ప్రయోగశాలలో చేసి చూడవలసిందే" అన్నది.

ఆ మాట నాకు నచ్చింది. నిజమైన రేణువు తెర మీది ముద్ద వలె ఒంటరిగా, కదలకుండా ఉండదు. ఏదో ఒక ఆధారం మీద కూర్చుంటుంది. వేడికి పరమాణువులు చోట్లు మారుతాయి. రెండు రేణువులు కలిసి పెద్దదయిపోతాయి. గాలిలోని గంధకం వంటివి వచ్చి పాడుచేస్తాయి. వీటన్నిటికీ తట్టుకున్నదే పనికివచ్చేది. హైదరాబాదులో తార్నాక దగ్గర 1944లో పుట్టిన పరిశోధనశాల ఒకటి ఉన్నది. ఇప్పుడు దాన్ని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అంటారు. ఉత్ప్రేరకాల పరిశోధన అక్కడ ముఖ్యమైన పనుల్లో ఒకటి. మీలో ఎవరైనా రేపు అటువంటి చోట కూర్చొని, ఎవరో లెక్క కట్టి పంపిన ముద్దను నిజంగా తయారు చేయవచ్చు.

ఇంతకూ ఇదంతా బాయిలో దిగేవాళ్ళకేనా? కాదు. కార్ల పొగగొట్టంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులున్న ఒక పెట్టె ఉంటుంది. ఇంజను విడిచే కార్బన్ మోనాక్సైడును అది అక్కడికక్కడే మార్చివేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు. కాని ఇంజను బాగా వేడెక్కేదాకా ఆ పెట్టె సరిగా పనిచేయదు. చల్లగా ఉన్నప్పుడే పనిచేసే రేణువు దొరికితే రోడ్డు పక్క నడిచే మీ ఊపిరికి కూడా మేలే.

అటువంటి రేణువు మీ ఇంటికి వచ్చేదాకా మాత్రం మీ కాపలా మీరే కాయాలి. చలికాలంలో తలుపులు, కిటికీలు మూసుకొని కుంపటి పెట్టుకొని ఎవరినీ పడుకోనివ్వకండి. బాలింత గదిలో కూడా వద్దని పెద్దవాళ్ళకు చెప్పండి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు వెలిగించి ఎక్కువసేపు ఉండకూడదు. జనరేటరును ఇంటి లోపల నడపకూడదు. మూసిన గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టు అయితే, దిష్టి తగిలిందని కూర్చోక, ముందు తలుపులు తెరిచి బయటికి నడవండి. తరువాత ఆస్పత్రికి పొండి.

ఇక మీకు ఇంటిపని. బంకమట్టి ఉండలు నాలుగు చేసి, ముక్కోణపు గోపురంలాగా కట్టండి. కింద మూడు, పైన ఒకటి. రెండు రంగులతో వాటిని ఎన్ని విధాలుగా అమర్చవచ్చు? రెట్టించుకుంటూ పోతే 16 వస్తాయి. ముద్దను తిప్పి చూసి, ఒకేలా ఉన్నవాటిని తీసివేస్తే ఎన్ని మిగులుతాయి? జవాబు చూసి మీరు ఆశ్చర్యపోతారు. తరువాత ఐదు ఉండలతో చేయండి. అక్కడి నుంచి పదమూడుకు పోయే దారి మీకే తెలుస్తుంది.